తీగ పఱచినందుకా, తీగ పలికినందుకా?

పల్లెలకు బ్రాడ్‌బ్యాండు తీగను చేర్చుటకై వెచ్చింపబడు ప్రజాధనమును గూర్చి మన వేదికలమీద వినవచ్చు లెక్కలు రెండే. ఎన్ని కోట్లు మంజూరైనవి, ఎన్ని కిలోమీటర్ల తీగ భూమిలో పాతబడినది. దేవరకొండ, చందంపేట, డిండి ప్రాంతముల రైతు ఈ రెంటితో తృప్తినొందజాలడు. అతనికి గావలసినది మూడవ లెక్క: తన పంచాయతీ కచేరికి వచ్చిన తీగ నిన్న పలికినదా, నేడు పలుకుచున్నదా? గుత్తేదారునకు సొమ్ము చెల్లించునపుడు ప్రభుత్వము మొదటి రెండు లెక్కలకు ఎంత విలువ నిచ్చుచున్నదో, మూడవదానికి ఎంత యిచ్చుచున్నదో పరిశీలించిన గాని, ఈ పనులు ఏల ఇట్లు నడచుచున్నవో బోధపడదు. నేడు మా పాఠకుల ముందుంచదలచినది ఈ విషయమే.

ఇది పట్టణవాసుల వినోదమునకు సంబంధించిన ముచ్చట యని భూవసతిగల మా పాఠకులెవ్వరును తలంపకుందురు గాక. 2020వ సంవత్సరము అక్టోబరు 29వ తేదీన ధరణి వచ్చినది మొదలు వ్యవసాయ భూముల రిజిస్ట్రేషను తహశీలు కచేరిలో కంప్యూటరు ముందే జరుగుచున్నది. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానమున భూభారతి వచ్చినను తీగపై నాధారపడుట తప్పలేదు. చౌకధరల దుకాణమున వ్రేలిముద్ర యంత్రమునకెక్కిన గాని బియ్యము తూగదు. 2023 జనవరి మొదలు ఉపాధిహామీ కూలీల హాజరు సయితము ఫోనులో ఛాయాచిత్రమై యెక్కవలసి వచ్చెను. ప్రభుత్వము తన కార్యములన్నిటిని తీగమీదికి మార్చుకొనుచు, ఆ తీగ గ్రామమునకు చేరుటయు చేరకపోవుటయు మాత్రము దైవాధీనమన్నట్లు వదలివేయుట న్యాయము గాదు.

ఆ ధనము ఎవరిదో మొదట తెలిసికొనవలెను. 2002 ఏప్రిల్ మొదలుకొని టెలిఫోను కంపెనీల సవరించిన స్థూలాదాయమునుండి నూటికి 5 వంతున సార్వత్రిక సేవాసుంకము వసూలగుచున్నది. తంతి చట్టమునకు 2003లో చేసిన సవరణ దీనికి చట్టబద్ధత గల్పించెను. 2023వ సంవత్సరపు టెలికమ్యూనికేషన్ల చట్టము దీనికి డిజిటల్ భారత్ నిధి యని క్రొత్త పేరు పెట్టెను. పేరెట్లున్నను సొమ్ము మనది. కంపెనీలు తమ మూటలలోనుండి తీసి యిచ్చునవి గావు. వినియోగదారునివద్ద పుచ్చుకొన్నదానిలోనుండియే యిచ్చును. సెల్‌ఫోనులో రీఛార్జి వేయించుకొను ప్రతి లంబాడీ స్త్రీయు ఈ నిధికి చందాదారే. వసూలైనదంతయు నేరుగా నిధికి చేరదను సంగతి కూడ పాఠకులు గుర్తింపదగినది. అది ముందు భారత సంచిత నిధిలో బడి, పార్లమెంటు ఏటేట మంజూరు చేసినంత మేరకు మాత్రమే ఈ నిధికి వచ్చును. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయవలె గదా!

2011 అక్టోబరు 25న కేంద్ర మంత్రివర్గము జాతీయ ఆప్టికల్ ఫైబరు పథకమును ఆమోదించెను. అంచనా సుమారు 20,000 కోట్లు, లక్ష్యము 2.5 లక్షల గ్రామపంచాయతీలు; గడువు రెండేండ్లు. 2012లో దీనికై భారత్ బ్రాడ్‌బ్యాండ్ నెట్‌వర్క్ లిమిటెడ్ అను ప్రభుత్వ కంపెనీ ఏర్పడెను. పనిని టెండరు పిలువకయే బీఎస్‌ఎన్‌ఎల్, రైల్‌టెల్, పవర్‌గ్రిడ్ అను మూడు ప్రభుత్వ సంస్థలకు పంచియిచ్చిరి. 2015లో పథకము భారత్‌నెట్ అని పేరు మార్చుకొనెను. లక్ష పంచాయతీల మొదటి దశ ముగియుసరికి 2017 డిసెంబరు వచ్చినది. ఈ జాప్యమునకు కారణములనేకములు చెప్పబడినవి. మాకు ముఖ్యముగ దోచునది ఒక్కటి. పని యిచ్చినది ప్రభుత్వము, పుచ్చుకొన్నది ప్రభుత్వము, కొలిచినది ప్రభుత్వము. ఎడమచేయి చేసిన ఆలస్యమునకు కుడిచేయి జరిమానా వేయునా? ప్రభుత్వ సంస్థలపై మాకు ద్వేషము లేదు. లాభము రాని అడవిపల్లెకు పోవుటకు నేటికిని అవియే ముందు నిలుచునవి. కాని పని ఎవరికిచ్చినను, ఇచ్చువాడును కొలుచువాడును ఒక్కడుగా నుండరాదు.

ఆ మొదటి దశలో తీగ వేసిన తీరు కూడ మన ప్రాంతమున కీడు చేయునదే. మండల కేంద్రమున బయలుదేరిన తీగ ఒక పంచాయతీ దాటి రెండవదానికి, రెండవది దాటి మూడవదానికి తోక వలె సాగిపోవును. నడుమ రహదారి వెడల్పు చేయుటకు వచ్చిన జేసీబీ పండ్లు ఒక్కచోట తగిలిన చాలును. ఆవలి గ్రామములన్నియు ఒక్కసారిగ మూగవోవును. తీగను హారమువలె చుట్టి తెచ్చి మరల మూలమునకు గలిపిన యెడల, ఒకవైపు తెగినను రెండవవైపు నుండి మాట వచ్చును. దీనికి ఖర్చు అధికము. కిలోమీటరునకు ఇంత యని తక్కువ ధరకు పాడినవానికి పని యిచ్చు పద్ధతిలో, షరతుగ వ్రాయని యెడల హారము వేయువాడెవడు?

ఇక తండాల సంగతి. దేవరకొండ ప్రాంతమున గ్రామమనగా ఒక్క ఊరు గాదు. ఊరు ఒకచోట, దాని శివారు తండాలు గుట్టలవెనుక మఱియొకచోట. చందంపేట వైపు పోయిన కొలది ఒకవంక కృష్ణ వెనుకజలములు, ఒకవంక అడవి, నడుమ బండరాయి. ఇచ్చట ఒక మైలు త్రవ్వుటయు, మిర్యాలగూడ ఆయకట్టు నేలలో ఒక మైలు త్రవ్వుటయు ఒకటి గావు. 2018వ సంవత్సరపు తెలంగాణ పంచాయతీరాజ్ చట్టమువలన ఐదువందల జనాభాకు మించిన తండాలు స్వతంత్ర పంచాయతీలయ్యెను. రాష్ట్రమున నాలుగువేలకు పైగా క్రొత్త పంచాయతీలు పుట్టి, మొత్తము పండ్రెండువేల ఏడువందలు దాటెను. ఐతే 2011లో మొదటి ఆమోదము వచ్చినపుడు గాని, 2017 జూలైలో రాష్ట్రముల చేతిమీదుగా నడపు రెండవ దశ మంజూరైనపుడు గాని, ఢిల్లీలో లెక్కించినది నాటి పంచాయతీలనే. ఈ తండాలు అప్పటికి కాగితముమీద ఊళ్లే కావు. పంచాయతీ యయినచో తీగ, శివారైనచో గాలి అను నియమము వలన, రేషను బియ్యమునకు వ్రేలిముద్ర వేయవలసిన తండావాసులు మండల కేంద్రమువఱకు నడువవలసిన స్థితి యేర్పడును. దేశమంతట తీగ చేరని పంచాయతీలు ఇంకను 42,000 వఱకు గలవని కేంద్రమే 2023లో ఒప్పుకొనినది. పంచాయతీలు గాని గ్రామములు దాదాపు 3.8 లక్షలు గలవు. వానికి అడిగినపుడు ఇత్తుమనుచున్నారు. అడుగుటకు నోరున్న గ్రామమునకే తీగ యని దీని యర్థము గాకూడదు.

తెలంగాణము చేసిన మంచి యాలోచన ఒకటి ఇచ్చట చెప్పవలెను. మిషన్ భగీరథ మంచినీటి పైపులకై త్రవ్విన కందకములలోనే ఫైబరు తీగకు గొట్టములు వేయుద మని రాష్ట్ర ప్రభుత్వము సంకల్పించెను. త్రవ్వకమే ఈ పనిలో మిక్కిలి ఖరీదైన భాగము గనుక, ఒక్క త్రవ్వకముతో రెండు పనులు జరుగుట తెలివిగల సంసారి చేయు పనియే. ఆ గొట్టములలో ఎంతవఱకు తీగ దూరి వెలుగు ప్రసరించుచున్నదో పంచాయతీవారీగ ప్రకటించిన యెడల ఆ యాలోచనకు తగిన గౌరవము దక్కును.

ప్రజాధనముతో గుత్తపనులు చేయించు విషయమున మనకు పూర్వానుభవము లేకపోలేదు. 1849 మొదలుకొని ఆంగ్లేయ కంపెనీలు మన దేశమున రైలుదారులు వేసినపుడు, పెట్టుబడిపై నూటికి 5 వంతున వడ్డీకి ప్రభుత్వము హామీ యిచ్చెను. రైలు లాభముతో నడచినను నష్టముతో నడచినను వాటాదారునకు వడ్డీ తప్పదు. లోటును పూరించువాడు భారతీయ రైతు. ఎంత యెక్కువ ఖర్చు చేసిన అంత యెక్కువ పెట్టుబడికి హామీ గనుక, పొదుపు చేయవలసిన యగత్యము ఎవరికిని లేకపోయెను. ఇరువది యేండ్లు గడచిన పిదప ప్రభుత్వమే ఆ పద్ధతిని విడిచి, రైలుదారులను తానే వేయ నారంభించెను. అయినను ఆ పాఠము హైదరాబాదుకు రాలేదు. 1883లో నిజాము రాజ్యపు రైలుదారిని బెజవాడ వైపును చాందా వైపును పొడిగించుటకు లండను పెట్టుబడిదారులతో ఒడంబడిక సిద్ధమైనపుడు, మరల అదే నూటికి 5 హామీ! ఒడంబడిక షరతులను ప్రజల ముందు పెట్టవలెనని నగరమున కొందరు విద్యావంతులు సభలుగూడి యడిగిరి. వారిలో ముఖ్యులు సరోజినీదేవి తండ్రి యగు అఘోరనాథ చట్టోపాధ్యాయులు, ముల్లా అబ్దుల్ ఖయ్యూముగారు. వారడిగినది రైలు వద్దని గాదు, కాగితము చూపుడని. అందులకై అఘోరనాథునికి ఉద్యోగము నుండి తొలగింపు, రాజ్య బహిష్కారము ప్రాప్తించెను. నేడు అడిగినవారిని దేశమునుండి వెడలగొట్టువారు లేరు. కాగితము చూపువారు మాత్రము అంత విరివిగ లేరు.

కాగితమున ఏమి యుండునని కొందరనవచ్చును. అంతయు అందులోనే యున్నది. టెండరు తెఱచుదినమున గెలుపు నిర్ణయమగునని లోకము భ్రమపడును. నిజమునకు అర్హతలు వ్రాయుదినముననే సగము నిర్ణయమగుచున్నది. ఇంత వ్యాపారము ముందే చేసియుండవలెను, ఇట్టి పని ఇన్ని మైళ్లు చేసియుండవలెను, ఫలానా లక్షణములుగల యంత్రమే వాడవలెను అను మూడు పంక్తులతో పదిమంది పోటీదారులను ఇద్దఱుగ జేయవచ్చును. తమిళనాడులో భారత్‌నెట్ రెండవ దశకు పిలిచిన 1,815 కోట్ల టెండరు ఇట్లే వివాదమునకు వచ్చెను. షరతులు పోటీని అడ్డగించునవిగ నున్నవను ఫిర్యాదుపై కేంద్రము విచారించి, 2020 జూన్‌లో ఆ టెండరును రద్దుచేసి షరతులు సవరించి మరల పిలువుడని యాదేశించెను. ఆ షరతులు సకాలమున బహిరంగముగ నుండుటచేతనే ఒక పౌరసంస్థ వానిని చదివి తప్పుపట్టగలిగినది. దీనికి భిన్నముగ ఆంధ్రప్రదేశమున 321 కోట్ల ఫైబర్‌నెట్ పనిని గూర్చి, పని యిచ్చి యేండ్లు గడచి ప్రభుత్వము మారిన పిదప, 2021 సెప్టెంబరులో నేరపరిశోధక శాఖ కేసు పెట్టెను. అభియోగము నేరనిర్ణయము గాదు. దాని మంచిచెడ్డలు న్యాయస్థానములు చూచుకొనునవి. మేము చెప్పునది ఇంతే. పరిశీలన పని యిచ్చునాడు జరుగవలెను గాని, అధికారము చేతులు మారినపుడు గాదు.

అట్లని తక్కువ ధరకు పాడినవానికి కన్నుమూసి యిచ్చుటయు మార్గము గాదు. అమెరికాలో 2020లో కేంద్ర కమ్యూనికేషన్ల సంఘమువారు గ్రామీణ బ్రాడ్‌బ్యాండునకు తలక్రిందుల హర్రాజు నడిపిరి. ఎవరు తక్కువ సహాయధనము చాలునందురో వారికే ఆ ప్రాంతము. పదేండ్లలో 920 కోట్ల డాలర్లు ఈయదగునని తేలినది. ప్రభుత్వమునకు చాల సొమ్ము మిగిలెనని సంతోషించిరి. ఆ సంతోషము నిలువలేదు. పాడినవారిలో పెక్కురు పని చేపట్టలేకపోయిరి. 2022 ఆగస్టులో స్టార్‌లింకుకు రావలసిన 88 కోట్ల డాలర్లకు పైచిలుకును, ఎల్‌టీడీ బ్రాడ్‌బ్యాండు అను కంపెనీ పాడిన 130 కోట్ల డాలర్లను, ఆడినమాట నిలుపుకొనగలరను నమ్మకము లేదని సంఘమువారే త్రోసిపుచ్చిరి. ఈలోగా ఆ పల్లెలు హర్రాజులో అమ్ముడుపోయినవిగ లెక్కింపబడి, చాలకాలము ఇతర సహాయమునకును నోచుకొనకపోయినవి. 2021 నవంబరులో ఆ దేశము మఱియొక చట్టముతో 4,245 కోట్ల డాలర్లు కేటాయించి, ఈసారి జాగ్రత్తపడినది. ఏ యింటికి తీగ యున్నది, ఏ యింటికి లేదు అను పటమును ముందుగ ప్రకటించి, అది తప్పైనచో స్థానిక సంస్థలు ఆక్షేపింపవచ్చునని నియమము పెట్టినది. జాగ్రత్త మితిమీరి 2024 కడవఱకు పని నేలమీదికి రాలేదని యపకీర్తి తెచ్చుకొన్నమాట నిజము. ఐనను పటమును పల్లె ఆక్షేపింపవచ్చునను నియమము మనము అరువు తెచ్చుకొనదగినది. మన తండాలకు ఇట్టి యవకాశమున్నచో 2018 తరువాత పుట్టిన ప్రతి పంచాయతీయు తన పేరు పట్టికలో నున్నదో లేదో ముందే చూచుకొనియుండెడిది.

మన దేశమునను పెట్టుబడిదారులను పిలిచి చూచిరి. 2021 జూన్ 30న కేంద్రము పదునాఱు రాష్ట్రములకు 19,041 కోట్ల సహాయధనముతో, ముప్పదియేండ్ల గుత్తపై, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యమున ఈ పని నడుపుద మనెను. పాడువాడొక్కడును రాలేదు. పల్లెలో రాబడి లేనిదే వ్యాపారి రాడని తెలియుటకు తొమ్మిది భాగముల టెండరు పిలువవలసిన పని లేకుండెను. అదే సంవత్సరము అక్టోబరులో కేంద్ర ఆర్థికశాఖ, ప్రభుత్వ పనులలో ధరతోబాటు నాణ్యతకును నూటికి ముప్పదివఱకు తూకము ఈయవచ్చునని నియమములు సడలించెను. ఇది మేలే. నాణ్యతను తూచువాడు త్రాసును బహిరంగముగ పట్టుకొన్నంతవఱకు మేలే.

2023 ఆగస్టులో మంత్రివర్గము 1,39,579 కోట్లతో సవరించిన భారత్‌నెట్టును ఆమోదించెను. ఇందు తీగ హారముగ నుండవలెను. గుత్తేదారు మూడేండ్లలో నిర్మించి, పదేండ్లు నిర్వహింపవలెను. బీఎస్‌ఎన్‌ఎల్ పర్యవేక్షణ చేయును. పనుల పరిమాణమెట్టిదో తెలియుటకు ఒక్క ఉదాహరణ: 2025 మార్చిలో మన హైదరాబాదు కంపెనీ ఎన్‌సీసీకి ఉత్తరాఖండ్, మధ్యప్రదేశ్ తదితర ప్రాంతముల పనులు 10,804 కోట్లకు దక్కినవి. నిర్మాణమునకైన పెట్టుబడిలో మొదటి ఐదేండ్లు ఏటికి నూటికి 5.5, తరువాతి ఐదేండ్లు 6.5 వంతున నిర్వహణకు చెల్లింతురు. లెక్కింపుడు. తీగ వేయుటకు నూరు రూపాయలైనచో పదేండ్ల కాపుదలకు అఱువది రూపాయలు. ఈ అఱువదియే మన చేతిలోని పగ్గము. తీగ పలికిననాడు చెల్లించి, మూగవోయిననాడు కోసివేసిన యెడల గుత్తేదారు తనంతట తానే చందంపేటకు పరుగెత్తును. నెలనెల జీతమువలె చెల్లించినచో పూర్వపు రైల్వే హామీయే మరల వచ్చినదనుకొనవలెను.

కోత విధించుటలో ఒక మెలిక యున్నది. దానిని పాఠకులు జాగ్రత్తగ గమనింపవలెను. నూటికి 98 పాళ్లు తీగ పలుకవలెనని షరతున్నదనుకొందము. ఒక గుత్త క్రింద వేయి పంచాయతీలున్నవనుకొందము. ఈ తొంబదియెనిమిదిని అన్ని పంచాయతీలకు గలిపి సగటుగ జూచినచో, ఇరువది పంచాయతీలు సంవత్సరమంతయు మూగవోయి, తక్కినవి నిరంతరము పలికినను సగటు నెగ్గును, గుత్తేదారునకు కాసైనను కోత పడదు. ఆ ఇరువది ఎక్కడివై యుండును? నగరము ప్రక్కవి గావు. మరమ్మతునకు మనిషిని పంపుట కష్టమైన గుట్టలవెనుకవి. అనగా మనవి. కాబట్టి సగటు పనికిరాదు. పంచాయతీ పంచాయతీకి వేఱువేఱుగ లెక్కగట్టి, వేఱువేఱుగ కోయవలెను. ఆ లెక్కపై బీఎస్‌ఎన్‌ఎల్ ఇంజనీరు సంతకముతో బాటు సర్పంచి సంతకమును ఉండవలెను. సర్పంచికి సాంకేతిక విద్య లేదని ఆక్షేపింతురు. కొళాయిలో నీరు వచ్చినదో లేదో చెప్పుటకు ఇంజనీరు పరీక్ష ప్యాసు కానక్కఱలేదు.

రాష్ట్ర ప్రభుత్వమునకును మనవి గలదు. 2024 డిసెంబరులో మద్దూరు, అడవి శ్రీరాంపూరు మొదలగు గ్రామములలో టీ-ఫైబరు సేవలు ప్రయోగరూపమున ఆరంభమైనవి. ఆ సంవత్సరపు కడపటి మాసములలోనే ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిగారు కేంద్రమంత్రి సింధియాగారిని గలిసి 1,779 కోట్ల వడ్డీలేని దీర్ఘకాలిక ఋణమును కోరిరి. మొదటి దశ తోకతీగను హారముగ మార్చు పనిని టీ-ఫైబరుకే విడువుమనిరి. కోరిక సమంజసమే. ఐతే ఋణమైనను, దానమైనను, తీర్చవలసినది ప్రజలే. ప్రయోగమునకు గ్రామములను ఏ కొలతతో నెన్నుకొనిరో చెప్పినచో బాగుండెడిది. ప్రయోగమనునది కష్టమైనచోట జరిగిననే గదా ఫలము తెలియుట! చందంపేట బండలలో గెలిచిన తీగ రాష్ట్రమంతట గెలుచును.

2024 ఫిబ్రవరి మొదలు మన పంచాయతీలు ప్రత్యేకాధికారుల పాలనలో నుండెను, అడుగువారు లేకపోయిరి. 2025 డిసెంబరు ఎన్నికలతో మరల సర్పంచులు వచ్చిరి. దేవరకొండ ప్రాంతపు సర్పంచులు, ముఖ్యముగ తండా సర్పంచులు, రాబోవు గ్రామసభలో ఒక్క తీర్మానము చేసి, సమాచారహక్కు చట్టము క్రింద ఈ సంగతులడుగుదురు గాక. మా పంచాయతీ పేరు ఏ పట్టికలో నున్నది? మాకు తీగ వేయు గుత్త ఎవరిది, ఎంతకు, ఏ షరతులపై? తీగ ఏ దారిన వచ్చును, హారమా, తోకయా? గడచిన పండ్రెండు మాసములలో ఎన్ని గంటలు మూగవోయినది, అందులకు ఎంత కోసిరి? జవాబునకు చట్టమిచ్చిన గడువు ముప్పది దినములు. వచ్చిన జవాబులను వచ్చినవి వచ్చినట్లు, రానివానిని ఊరిపేరుతో సహా, ఈ పుటలలో ప్రకటించుటకు మేము స్థలము కేటాయించియున్నాము.